బరువు కింద మనిషి

ఇరవై రెండేళ్ల వయసులో ఒక పసుపు హెల్మెట్, ఒక ఈల, రెండు జెండాలు చేతికొస్తే, లోకమంతా తన సైగ చూసే నడుస్తోందని అనుకుంటాడు మనిషి. నేనూ అనుకున్నాను. వలసొచ్చిన తాతల కాలం నుంచీ కామాటిపురలో మావాళ్లు ఇటుకలూ ఇసుకా మోసినవాళ్లే. క్రేన్ ముందు నిలబడి చేతిసైగలతో దాన్ని ఆడించే ఉద్యోగం మేముండే వరసగదుల చాల్‌లో మొదట నాకే వచ్చింది. చేరిన రోజే మేస్త్రీ నేర్పిన సూత్రం ఒక్కటే: బరువు గాల్లో ఉన్నంతసేపూ దాని కింద మనిషి ఉండకూడదు. దాన్ని ఇంట్లో కూడా వదల్లేదు నేను. (అటక మీంచి బియ్యం డబ్బా దించాలంటే ముందు అమ్మను గదిలోంచి బయటికి పంపేవాణ్ణి.)

ఆ వానాకాలం ఒక ఉదయం మా గల్లీలో నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. పురిటికి మా ఇంటికొచ్చిన అక్కకు అప్పుడే నొప్పులు మొదలయ్యాయి. బావ దాదర్‌లో చిక్కుకుపోయాడు. అంబులెన్స్ నాగ్‌పాడా దాటి రాలేనంది. బిడ్డ అడ్డం తిరిగి ఉందని డాక్టరు ముందే చెప్పాడు. చాల్‌లో సగంమందికి పురుడు పోసిన మా అవ్వ కూడా, "నాతోని గాదు బిడ్డా, దవాఖానకు వోవాల్సిందే" అంది. అవ్వ నోట ఆ మాట మేమెప్పుడూ వినలేదు. పోలీసులకు ఫోన్ చేస్తే, నీళ్లలో చిక్కుకున్నవాళ్లను తీస్తున్న హెలికాప్టర్‌ను పంపుతాం, ఆమెను టెర్రస్ మీదికి తీసుకురండి అన్నారు.

నలుగురు అక్కను కుర్చీతో మోసుకొచ్చి టెర్రస్ మధ్యలో కూర్చోబెట్టారు. నేను హెల్మెట్ పెట్టుకుని, జెండాలు పట్టుకుని తయారయ్యాను. హెలికాప్టర్ నెత్తి మీదికొచ్చి తాడు దించడం మొదలుపెట్టగానే ఉద్యోగం నన్ను ఆవహించింది. ఈల ఊదాను. "బాజుకు జరుగుండ్రి! కింద ఎవ్వరుండొద్దు! చలో, చలో!" అని అరిచి, జెండాలతో అదిలించి, అక్కను కుర్చీతో సహా మెట్ల దగ్గరి కప్పు కిందికి చేర్పించాను. (అంతమంది పెద్దవాళ్లు ఎందుకు విన్నారంటే, హెల్మెట్ మహిమ.) పైవాళ్లకు కనబడింది ఖాళీ టెర్రస్, దాని మీద నిక్షేపంగా నిలబడి జెండాలు ఊపుతున్న ఒక కుర్రాడు. తాడు పైకి వెళ్లింది. హెలికాప్టర్ ఫాక్‌లాండ్ రోడ్ మీదుగా వెళ్లిపోయింది.

కప్పు కింద అక్క మూలుగు ఒక్కటే వినబడింది. అవ్వ వచ్చి నా తల మీంచి హెల్మెట్ తీసేసింది. "నీ అక్కేమన్న సిమెంట్ బస్తానార?" అంది, అంతే. (ఆ హెల్మెట్‌లో చాలాకాలం ఉల్లిగడ్డలు పోసుకుంది.) మళ్లీ ఫోన్ చేశారు. ఆ ఎదురుచూపులో, అక్కకేమైనా అయితే అది నా చేతుల్తో చేసినట్టేనని అనిపించింది. రెండోసారి హెలికాప్టర్ వచ్చినప్పుడు అవ్వ సరిగ్గా తాడు కిందే అక్కను పట్టుకుని కూర్చుంది. ఒకతను దిగి, అక్కను పట్టీలతో కట్టుకుని పైకి లేచాడు. బరువు గాల్లో ఉంది. కింద చాల్ అంతా చేతులు జోడించి నిలబడింది. వాళ్ల మధ్య నేనూ ఉన్నాను.

ఆ సాయంత్రం ఆపరేషన్ చేసి తీసిన పిల్ల ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. అవ్వ దగ్గర ఈ కథంతా విన్నదేమో, నేను అటక మీంచి ఏది దించబోయినా పరుగున వచ్చి, "మామా, ఖాలీ ఉభీ రాహూ కా?" అని మరాఠీలో అడుగుతుంది, కింద నిలబడనా అని. అడిగి, నిలబడుతుంది కూడా. సైటులో ఇవాళ్టికీ ఎవర్నీ ఉపేక్షించను గానీ, ఈ పిల్లను జరగమనడానికి మాత్రం నాకు నోరు రాదు. డబ్బాను ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాను.