బమ్రోలి సాంచెల షెడ్డులో గాలి కొలిచిన రోజు

నాన్న తమ్ముడు రాజయ్య కాక ఫోన్లో దగ్గినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. సూరత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతూ ఆ షెడ్డులోనే మూలన మంచం వేసుకుని పడుకుంటాడు. "దుమ్ము నాకు సుట్టమే బిడ్డా" అంటాడు. చెబితే వినే రకం కాదు. హైదరాబాదులో నా ఉద్యోగమే గాలిలోని కణాలను కొలవడం. ఎలాగైనా ఆ మంచం కదిలించాలని, కణాలు లెక్కపెట్టే చిన్న పెట్టెను సంచిలో వేసుకుని బయలుదేరాను.

మధ్యాహ్నం సికింద్రాబాదులో రైలెక్కితే మర్నాడు ఉదయం సూరత్. స్టేషన్ నుంచి కాక షెడ్డున్న బమ్రోలికి ఆటోవాడు నూట యాభై అడిగితే బేరమాడకుండా ఇచ్చేశాను. పదేళ్లు వచ్చేదాకా పెరిగింది అక్కడే మరి. సందు మలుపులో సాంచెల చప్పుడు వినబడగానే ఏడుపొచ్చినంత పనైంది.

పెట్టె పని తేలికే. పంపు గాలిని లోపలికి లాగుతుంది. కణాలు లేజర్ కాంతిలోంచి పోతూ వెలుగు చిమ్ముతాయి. ఆ వెలుగును బట్టి ఏ సైజువి ఎన్ని ఉన్నాయో తెర మీద కనబడుతుంది. మంచం పక్కన పెట్టానో లేదో అంకెలు ఎగబాకాయి. "చూశావా కాకా!" అని ఎగిరాను. కాక వేలు చూపిస్తూ పడీ పడీ నవ్వాడు. పని మొదలుపెట్టే ముందు సాంచెకు వెలిగించే అగరుబత్తి పక్కనే పొగలు కక్కుతోంది.

"ఇన్నేండ్లు సదివింది గిందుకేనా? దేవుని పొగను గూడ దుమ్మంటవా, ఏందే?"

సిగ్గుతో చచ్చాను. పొగ పోయేదాకా బయట చాయ్ తాగుతూ ఆయనకు విడమరిచి చెప్పాను. కంటికి కనబడే దారపు నూగు చాలావరకు ముక్కులోనే ఆగుతుంది, కనబడనిదే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. తర్వాత వీధిలో కొలిచాం, సాంచెలు నడుస్తుండగా మంచం దగ్గర కొలిచాం. మంచం దగ్గర సన్న కణాలు వీధిలో కంటే బాగా ఎక్కువ.

ఈసారి కాక నవ్వలేదు. తెర వంక చాలాసేపు చూసి, ఆ చప్పుడులో నా చెవి దగ్గరకు వంగాడు.

"మీ అమ్మ డ్యూటీకి పోతే నిన్ను గీ మంచం మీదనే పండవెడ్తుంటి గదనే. గప్పుడు గీ డబ్బా ఉంటే పండవెడ్తుంటినా బిడ్డా?"

నాకు ఆ చిన్ననాటి నిద్ర గుర్తొచ్చింది. లేచేసరికి జుట్టంతా తెల్లటి నూగు, దాన్ని తువ్వాలుతో దులిపే కాక చెయ్యి. అంత హాయిగా నేను మళ్లీ ఎక్కడా నిద్రపోలేదు. ఆ మాట చెప్పినా ఆయన తల అడ్డంగా ఊపాడు. పక్క చుట్టి మంచం ఎత్తాడు. రెండో వైపు నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి షెడ్డు మేడమీద ఖాళీగా ఉన్న గదికి ఎక్కించాం. నేను వచ్చిన పని అయింది, కాక మాత్రం నా ముఖం చూడలేదు.

మీవాళ్ల గాలి కొలవడానికి మీరూ వెళ్తుంటే ఒక్క మాట: తిరుగు టికెట్టు అదే రోజుకు తీసుకోకండి. నేను సాయంత్రం రైలుకు తీసుకుని రద్దు చేసుకున్నాను. అంకె చూపించాక ఆ మనిషి పక్కన కాసేపు కూర్చోవాలి.