అత్త పాదం, లారీ ముక్కుదిబ్బడ

ఆ రోజుల్లో ఐటీఐ సర్టిఫికెట్ చేతికొచ్చిన కుర్రాడికి తెలియనిదంటూ ఉండేది కాదు. నాకైతే, తెలియనిది ఉంటుందన్న సంగతే తెలియదు. టెక్కలిలో మోటారు మెకానిక్ కోర్సు ముగించి నేరుగా ఉద్దానంలో మా మేనమామ ఇంట్లో వచ్చిపడ్డాను. ఆయనకో పాత పెట్రోలు లారీ ఉండేది. పల్లెల నుంచి జీడిపిక్కలు పలాసకీ, కొబ్బరిపీచు సోంపేటకీ చేర్చేది. దానికి డ్రైవరూ మెకానిక్కూ నేనే. "ఇంకొక్క పెద్ద రిపేరు వొచ్చినాదంటే పాత ఇనప్పోడికి తోలేత్తాను" అని మావ ముందే చెప్పి ఉంచాడు.

ఒకరోజు లారీ నల్లటి పొగ కక్కింది. పెట్రోలు వాసన, కాస్త ఎత్తు వస్తే చాలు దగ్గు. నేను బానెట్ ఎత్తి, పెద్ద డాక్టరులా పెదవి విరిచి, "కార్బురేటర్ పోయింది మావా. విప్పి, లోపలి సామాను మార్చి మళ్లీ కట్టాలి" అన్నాను. మావ తువ్వాలు దులిపి, "అయితే రేపు బేరగాణ్ణి పిలుత్తాను" అన్నాడు. నా ఉద్యోగానికి నేనే నీళ్లు వదిలానని అప్పుడు తెలిసింది.

అంతలో అత్త వచ్చింది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ మావ పక్కన ఆ లారీలోనే తిరిగిన మనిషి. చెవులు కాస్త మందం. చెప్పులు కింద విడిచి, ఎక్కి కూర్చుని, కుడిపాదం నేల రేకుకి ఆనించి కళ్లు మూసుకుంది. "తియ్యరా బండి. తొక్కు. ఒదిలీ. మళ్లీ తొక్కు." నేను నవ్వాపుకుంటూ ఇంజను వేసి యాక్సిలరేటర్ తొక్కాను (ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది). దిగి, తాపీగా చెప్పింది. "రోగం లోపల నేదురా. ముక్కుదిబ్బడ. ఊపిరాడక దగ్గుతంది."

ఆమెది పొరపాటని రుజువు చేద్దామనే గాలి ఫిల్టరు విప్పాను. దాని చుట్టూ పీచుదుమ్ముతో చాపలా గట్టిపడిన గుడ్డ. అత్త లాగి దులిపితే నీలం అంచు బయటపడింది. "ఇది నా సీర గదేటి?" ఆమెదే. పీచు మిల్లు దుమ్ము ఇంజనులోకి పోకూడదని నెల క్రితం రెండు మడతలు వేసి కట్టింది నేనే, మరిచిందీ నేనే. గుడ్డ తీశాక పొగా లేదు, దగ్గూ లేదు. మావ బేరగాణ్ణి పిలవడం మాని, బస్తాలు ఎక్కించడానికి వెళ్లాడు. తిట్టినా బాగుండేది.

ఏదో గుడ్డిగా తగిలిందిలే అని సరిపెట్టుకున్నాను. మరో ఏడాదికి పలాస వెళుతుంటే రైలు గేటు దగ్గర ఆగాం. పొగ లేదు, వాసన లేదు. అత్త పాదం ఆనించి, "ఇప్పుడు ఇప్పాలిరా. ఆగినప్పుడు నిలకడ నేదు, వొణుకుతంది. లోపలేదో అరిగిపోనాది" అంది. ఫిల్టరు కడిగాను, స్క్రూలు తిప్పి చూశాను, వణుకు పోలేదు. చివరికి కార్బురేటర్ విప్పితే, లోపలి కడ్డీ తిరిగే గుండ్రటి రంధ్రం కోలగా అరిగి ఉంది. రెండేళ్లు చదివి నేను చూడలేనిది ఆమె అరికాలికి తెలిసింది. పాత ఇనుము మాట మావ ఎత్తనే లేదు. "మీ అత్త సెప్పినాక తప్పుద్దేటి" అంటూ సామాను కోసం బస్సెక్కాడు.

ఇప్పుడు పలాసలో నాకో షెడ్డుంది. కార్బురేటర్ బండ్లు ఎప్పుడోగాని రావు. కొత్తవాటికి వైరు తగిలిస్తే కంప్యూటర్ తెరే రోగం చెబుతుంది. అయినా నేను చెప్పులు విడిచే బండెక్కుతాను. భక్తి అనుకుంటారు, కాదనను. పాదం ఆనించి కళ్లు మూసుకుంటాను. ఇన్నేళ్లలో దానికి తిమ్మిరి తప్ప మరేమీ తెలియలేదు. అడుగుదామంటే అత్త లేదు. అందుకే దిగి, ముందు గాలి ఫిల్టరు విప్పి చూస్తాను, ఎవరి అత్త చీరైనా ఉందేమోనని.