తల వంచి నిలబడిన స్వామి ఎద్దు

మొన్న ఏకాదశి నాడు సత్తుపల్లిలో మా భజన మండలి ఆడవాళ్లం నామసంకీర్తన ముగించి తీర్థం పుచ్చుకుంటూ ఉండగా, పక్కన కూర్చున్నావిడ తన ఫోన్ తెచ్చి నా కళ్ల ముందు పెట్టింది. ఎక్కడిదో ఒక గుడి, గుడి వాకిట్లో తెల్లని ఆవు, తల ఒక పక్కకు వంచి, కళ్లు సగం మూసి, కదలకుండా నిలబడి ఉంది. లోపల హారతి గంటలు మోగుతున్నాయి, చుట్టూ జనం దండాలు పెడుతున్నారు. మనుషులకు లేని భక్తి మూగజీవానికి ఉందని అందరూ మురిసిపోయారు, ఒకావిడైతే ఫోన్‌నే కళ్లకు అద్దుకుంది. నేను మాత్రం ఆ ఆవు ఎడమ చెవి చూశాను. ఆ తరవాత తీర్థం నా అరచేతిలోనే ఉండిపోయింది.

నేను కాపురానికి వెళ్లింది దుమ్ముగూడేనికీ పర్ణశాలకూ మధ్య, ఇటు గోదావరి, అటు అడవి ఒరుసుకునే ఊరికి. మా మామగారి పెద్దలు కృష్ణ ఒడ్డు నుంచి వలస వచ్చి, అడవి అంచున భూమి కొనుక్కుని, ఇల్లు కట్టుకోక ముందే రేకుల కప్పుతో భజన మందిరం కట్టారట. మా నాన్న రోజూ సాయంత్రం పురాణం చదివి వినిపిస్తే గాని అన్నం వడ్డించని ఇంట్లో పెరిగిన దాన్ని కాబట్టి, స్వామి నన్ను సరైన గడపలోకే పంపాడని సంతోషించాను. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మైకులు లేకపోయినా తాళాల చప్పుడు నది దాటి అవతలి ఊరికి వినిపించేది.

ఆ ఇంట్లో ఒక ఎద్దు ఉండేది. మామగారికి విషజ్వరం వచ్చి తగ్గినప్పుడు దాన్ని రాములవారికి మొక్కుకున్నారు. అప్పటి నుంచి దాని మెడ మీద నాగలి కాడి పెట్టలేదు. శ్రీరామనవమికి భద్రాచలంలో కళ్యాణానికి మా ఊరి ఆడవాళ్లం వడ్లు గోటితో ఒలిచి తలంబ్రాలు సిద్ధం చేసేవాళ్లం, ఆ తలంబ్రాల బండి లాగడమొక్కటే దాని పని. స్వామి ఎద్దు అనేవారు దాన్ని. కొమ్ములకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, మొదళ్ల చుట్టూ బంతిపూలు చుట్టేవారు.

నేను వెళ్లిన రెండో ఏడు, మాఘమాసంలో అనుకుంటాను, ఆ ఎద్దు భజన వేళకు మందిరం గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడడం మొదలుపెట్టింది. తల కుడి పక్కకు వంచేది. కళ్లు అరమూతలు. మధ్యమధ్య పళ్లు నూరేది. నామజపం చేస్తున్నాడని మామగారే మొదట అన్నారు, ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి. అది ఊళ్లో పాకింది, ఊరు దాటింది. పర్ణశాల వెళ్లే యాత్రికులు కూడా బండ్లు ఆపి, దాని కొమ్ములు ముట్టుకుని, ఆ చేతులు కళ్లకు అద్దుకునేవారు. ముట్టుకున్నప్పుడు అది నిలువునా వణికేది. స్వామి ఒంట్లోకి వచ్చాడని జనం ఇంకా గట్టిగా గోవిందలు కొట్టేవారు. వచ్చిన వాళ్లు ఇంకో పసుపు ముద్ద పూసేవారు, ఇంకో దండ చుట్టేవారు. అంత భక్తిలోనూ నాకెందుకో ఆ గుమ్మం వైపు చూడబుద్ధయ్యేది కాదు.

ఏకాదశి నాడు ఎద్దు మేత ముట్టలేదు. అది కూడా ఉపవాసమేనని మామగారు పొంగిపోయారు. మా అత్తగారు ఖమ్మం వైపు మనిషి, నోట్లో నవ్వు, చేతిలో పని ఎప్పుడూ ఆగని మనిషి. మర్నాడు కుడితి తొట్టి అలాగే నిండుగా ఉండడం చూసి, "ఏమయ్యా, మీ భక్తుడు మిమ్మల్నే మించిండు. ద్వాదశి నాడు గూడ ముద్ద ముట్టలే. ఇగ రేపు కాషాయం కడ్తడేమో" అంది. అందరం నవ్వాం. ఆవిడ మాత్రం తొట్టి దగ్గర కాసేపు నిలబడే ఉంది.

ఆ వారంలోనే నాకు పై దవడ పన్ను పోటు మొదలైంది. కొత్త కోడలిని, భజన మానేస్తే బాగుండదని వెళ్లి కూర్చున్నాను. నొప్పి ఉన్న పక్కకు తల వాలిపోతోంది, కళ్లు వాటంతట అవే మూసుకుపోతున్నాయి, పళ్లు బిగపట్టుకుని ఈ తాళాలు ఎప్పుడు ఆపుతార్రా దేవుడా అనుకుంటున్నాను. వెనక నుంచి ఎవరో పెద్దావిడ పక్కామెతో, "కోడలు పిల్ల ఎట్ల లీనమైందో చూడు, కన్నీళ్లు గూడ కారుతున్నయ్" అనడం వినిపించింది. ఆ మాటకు కళ్లు తెరిచాను. ఎదురుగా గుమ్మంలో ఎద్దు. నాలాగే తల వాల్చి, నాలాగే దవడ బిగించి ఉంది. తాళం పడ్డ ప్రతిసారీ దాని కంటి పైరెప్ప ముడతపడుతోంది. ఈగలు ముసురుతున్నా కుడి చెవి కదలడం లేదు, వాడిన తమలపాకులా వేలాడుతోంది.

అత్తగారికి చెబితే ఆవిడ ఈసారి నవ్వలేదు. పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని కొట్టంలోకి వెళ్లి, ఎద్దు గంగడోలు నిమురుతూ నిమురుతూ కుడి కొమ్ము మొదలు దాకా చెయ్యి పోనిచ్చింది. "ఈ పక్క కాల్తుంది పిల్లా" అంది మెల్లగా. వంగి చూస్తే బంతిపూల వాసన కింద ఇంకో వాసన, కుళ్లు వాసన.

మా ఆయన జల్దీగా దుమ్ముగూడెం పశువుల దవాఖానాకు వెళ్లి డాక్టరును తీసుకొచ్చారు. డాక్టరు చాలాసేపు ముట్టుకోకుండా దూరం నుంచే చూశాడు, చెవులు, కళ్లు, ముక్కుపుటాలు, నెమరు. తరవాత అది కొమ్ము క్యాన్సరనీ, పశువు అరవకపోయినంత మాత్రాన నొప్పి లేదనుకోకూడదనీ, మత్తు సూది వేసి కొమ్ము మొదలంటా కోసెయ్యాలనీ చెప్పాడు. వేర్లు లోపలికి పోయి ఉంటే బతుకుతుందని మాట ఇవ్వలేననీ, బాధ మాత్రం తగ్గించగలననీ అన్నాడు.

మామగారు మందిరంలోకి పోయి కూర్చున్నారు. మండలిలో పెద్దాయన, మామగారికి వరసకు బాబాయి, గుమ్మంలో నిలబడి, "స్వామి వస్తువు మీద కత్తి పడితే ఊరు నిలబడదురా. కళ్యాణం ముంగట నెత్తురు చూడకు" అన్నాడు.

కాసేపటికి మామగారు బయటికి వచ్చారు. దండలు ఒక్కొక్కటే తెంపి, తడి తువ్వాలుతో పసుపు తుడవసాగారు. కొమ్ము ఆయన చేతి కింద అటూ ఇటూ కదిలింది. అన్నాళ్లలో మొదటిసారి ఆ ఎద్దు మూలిగింది. మామగారి చెయ్యి ఆగిపోయింది.

"ఇన్ని రోజులు ఈడి చెవి పక్కనే తాళాలు కొట్టినం గదా" అన్నారు. ఆ తరవాత డాక్టరు వైపు తిరిగి, "కొయ్యండి" అన్నారు.

ఆ ఏడు తలంబ్రాల బండి కదలలేదు. మామగారు ఆ మూట నెత్తిన పెట్టుకుని గోదావరి గట్టు వెంట భద్రాచలం నడిచి వెళ్లారు. వెనక నడవాల్సిన మండలిలో సగం మంది రాలేదు. ఎద్దు మాత్రం కొమ్ము కోసిన వారానికే గడ్డి నమిలింది, చెవులు ఆడించింది. ఊరు మాత్రం ఆ ఎండాకాలమంతా కీడు కోసం కాచుకుని కూర్చుంది. బావి గోడ కూలినా, ఎవరింట్లో పిల్లకు జ్వరం తగిలినా తలలన్నీ మా ఇంటి వైపే తిరిగేవి. స్వామి మీద నమ్మకం ఉన్న దాన్నే అయినా, పొయ్యి మీద పాలు పొంగినా నేను ఉలిక్కిపడేదాన్ని.

తొలకరికి ఆ జబ్బు తిరగబెట్టింది. డాక్టరు వచ్చి నొప్పి మందు ఇచ్చి పోతుండేవాడు. మామగారు పొద్దున దీపం వెలిగించే ముందు కొట్టంలోకి వెళ్లి దాని చెవులు చూసి వచ్చేవారు, అది చూశాకే పూజ. ఒక వాన మధ్యాహ్నం అది ఆయన ఒళ్లో తల పెట్టుకుని పోయింది. బాబాయి వచ్చి, చెప్తినా లేదా అన్నాడు. "నొప్పి లేకుండ పోయిండు బాబాయ్, నాకది చాలు" అన్నారు మామగారు. వాళ్లిద్దరూ మళ్లీ ఒక మందిరంలో కూర్చోలేదు.

నేను పూజలు మానలేదు, నమ్మకమూ సడలలేదు. స్వామి ఆ నొప్పిని నా దవడలో కూడా పెట్టి చూపించాడనే ఇప్పటికీ నమ్ముతాను. అందుకే మొన్న పక్కావిడను ఆ ఆవు ఎక్కడుందో కనుక్కోమన్నాను. ఆవిడకు అల్లుడు పంపాడట, అల్లుడికి ఇంకెవరో. ఆ ఆవు తెలిసినవాళ్లెవరైనా ఉంటే పశువుల డాక్టరును పిలిచి దాని ఎడమ కొమ్ము చూపించండి అని మా మండలి గ్రూపులో మనవరాలి చేత రాయించాను. జవాబుగా వరసగా దండం పెట్టే బొమ్మలు వచ్చాయి.

ఇప్పుడు ఆ ఊళ్లో ఎద్దుల కొట్టాలు లేవు, ట్రాక్టర్లున్నాయి, మందిరానికి మైకు వచ్చింది. ఆనాడు మేమెంత పొరపాటు పడినా ఆ ఎద్దు మా వాకిట్లోనే ఉండేది, అత్తగారు చెయ్యి చాచితే దాని వేడి ఆవిడ అరచేతికి తగిలింది. ఈ ఆవును నేను ఎక్కడని ముట్టుకోను? ఏకాదశి పోయింది, ద్వాదశి పోయింది. ఫోన్ తెరిస్తే అది ఇంకా అక్కడే తల వాల్చుకుని నిలబడి ఉంది, దాని చెవి పక్కన గంటలు మోగుతూనే ఉన్నాయి.