నాలుగు గంటల దేవేంద్ర

సాయంత్రం నాలుగైతే దేవేంద్ర మాయమైపోతాడు. మా ఎమ్మిగనూరు ‘ఉల్లిగడ్డలు’ బ్యాండులో డ్రమ్ములు అతనివే. కవిత పాడుతుంది. నా వాయిద్యం ఎక్స్‌టెన్షన్ బాక్సు. మోస్తాను, ప్లగ్గు పెడతాను.

మాయమవడమంటే మాటవరసకు కాదు. మంగలి కుర్చీలోంచి సగం గడ్డంతో లేచిపోయాడు. సొంత పెళ్లిచూపుల్లో మైసూరుపాకు కొరికి, మిగతా ముక్క అమ్మాయి చేతిలో పెట్టి పోయాడు.

"యాడికి పోతాండావురా?" అంటే ఒకటే జవాబు.

"నాలుగైందన్నా."

మేము పాటలు సాధన చేసే గది పక్కనే నేతగాడు పెద్దయ్య ఇల్లు. ఆయన చనిపోయి ఏడాది. మగ్గం గదికి తాళం. అయినా రోజూ నాలుగు దాటగానే లోపల మగ్గం ఆడేది. టక్... టకటక్... టక్. ఆయన భార్య లింగమ్మకు చూపు లేదు. అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తూ, "ముసలాయప్ప నేస్తాండాడు" అనేది. కవిత వచ్చి నా వెనక నక్కేది. నేను బాక్సు వెనక నక్కేవాణ్ని.

ఒకరోజు ఆ చప్పుడు మా రికార్డింగులో పడింది. తీసేస్తే పెద్దయ్యకు కోపమొస్తుందేమోనని అలాగే ఫోన్లలోకి వదిలాం. నెల తిరక్కుండా ఆదోని ఆటోల్లో అదే పాట, ఉరుకుంద బస్సుల్లో అదే పాట. "ఆ టకటక ఇంటే ఎంటికలు లేస్తాయప్పా" అన్నారు జనం. బెంగళూరు నుంచి పిలుపొచ్చింది. ప్రోగ్రాం సాయంత్రం నాలుగుకు.

"నేను రాను" అన్నాడు దేవేంద్ర.

కవిత ఏడ్చింది. ఇలాంటి పిలుపు రెండోసారి రాదు. మర్నాడు నాలుగింటికి నేను అతని వెంటపడ్డాను. పెద్దయ్య ఇంటి పెరటి కిటికీ గడియ తీసి లోపలికి దూరాడు. తొంగి చూస్తే, పోగు లేని మగ్గం గుంతలో కూర్చుని కాళ్లకింది చెక్కలు తొక్కుతున్నాడు.

"మగ్గం ఆగినాక అవ్వ తిండి మానేసిందన్నా. ఒకదినం ఊరికే తొక్కినా. లేసి రొట్టె తినింది. ఇంగ ఎట్ల ఆపేది సెప్పు?"

నేనూ కిటికీలోంచి లోపలికి దూరాను.

"నువ్వు పోరా. నేను తొక్కుతాలే."

జన్మకు నాకు దొరికిన మొదటి వాయిద్యం.

ప్రోగ్రాం రోజు నాలుగు కాకముందే బయల్దేరాను. వీధి మలుపులోనే కాళ్లు ఆగిపోయాయి. టక్... టకటక్... టక్. దేవేంద్రకు ఫోన్ చేశాను.

"బెంగళూర్లోనే ఉండానన్నా, స్టేజీ ఎక్కతాండా" అన్నాడు దేవేంద్ర.

పెరటి కిటికీకి బయటి గడియ వేసే ఉంది. లోపల మగ్గం ఆడుతూనే ఉంది.

లింగమ్మ అరుగు మీద రొట్టె తింటోంది. నా అడుగుల చప్పుడు విని తలెత్తింది.

"ఈ పొద్దు నువ్వు వద్దులేప్పా. దేవేంద్ర ఊర్లో లేడని ముసలాయప్పే వచ్చినాడు."

తర్వాత నన్ను దగ్గరికి రమ్మని, గొంతు తగ్గించింది.

"మెల్లగా సెప్తాండా. ఆ పిల్లోడి తొక్కుడే బాగుంటాది. ఈయప్ప ఇంటే అలుగుతాడు."