తల్లిగారింటికి బయల్దేరిన గప్పీ

ఆ రోజుల్లో నాకొక పిచ్చి నమ్మకం ఉండేది. ఏ ప్రాణికైనా ఎక్కడో ఒక కన్నతల్లి ఉంటుందని, తలుపు తీసిపెట్టుకుని దానికోసం ఎదురుచూస్తుంటుందని అనుకునేదాన్ని. (తల్లి లేకుండా పెరిగిన పిల్లలకే ఇలాంటి నమ్మకాలు గట్టిగా ఉంటాయి. ఉన్నవాళ్లకు వాటితో పనేముంది?) నాకు చదువు అంతంతమాత్రం. నేను చెప్తుంటే మా గల్లీ టీచరమ్మ రాస్తోంది. అక్షరాల్లో తప్పులుంటే ఆమెవి, అబద్ధాలుంటే నావి.

పెళ్లయిన కొత్తలో అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక ఒక్క గది కిరాయికి తీసుకుని మా ఆయన, నేను, మా అత్త ఉండేవాళ్లం. మా ఆయన బట్టల షాపులో చీరలు మడతపెట్టేవాడు. పోయినవాళ్ల మీద చాడీలు చెప్పకూడదు గానీ, ఆ మనిషికి ఒకటి చెప్తే ఇంకొకటి తెచ్చే గుణం ఉండేది. ఒకనాడు ఉల్లిగడ్డలకు పంపితే, నాంపల్లి స్టేషన్ దగ్గరి చేపల దుకాణం నుంచి గాజు తొట్టి మోసుకొచ్చాడు. అందులో రంగురంగుల తోకల మగ గప్పీ చేపలు, వాటి మధ్య బూడిదరంగులో ఒక ఆడది.

"ఉల్లిగడ్డలేవిరా?" అంది అత్త.

"మర్సిన్నే అమ్మా. జర గిటు జూడు, ఎంత ముద్దుగున్నయో!"

"గివి పులుసుకన్న పనికొస్తయారా?"

పులుసుకు కాదు గానీ నాకు మాత్రం తోడుకు పనికొచ్చాయి. కొన్నాళ్లకు ఆ ఆడగప్పీ పొట్టా నా పొట్టా పోటీ పడి పెరగడం మొదలుపెట్టాయి. దాని తోక దగ్గర నల్లమచ్చ ఒకటి ముదురుతూ వచ్చింది. రోగమేమోనని మా ఆయన వెళ్లి అడిగితే, దుకాణం భాయ్ నవ్వి, అది కడుపుతో ఉంది, గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది అన్నాడట. నా చిటికెన వేలంత కూడా లేదు, మనిషిలాగా కనడమా! ఆ రోజు దాని ముందు కూర్చుంటే వంట మాడిపోయింది.

మా అత్తకు మాత్రం నా కాన్పు మీదే ధ్యాస. "తొలికాన్పు తల్లిగారోళ్లే జెయ్యాలె. మీ అన్న ఎప్పుడొస్తడే నిన్ను తోల్కపోను?" అని రోజూ అడిగేది.

"వస్తడత్తమ్మా," అని నేను రోజూ చెప్పేదాన్ని. మా అన్న ఫోన్ ఎత్తడం లేదు. ఒకసారి వదిన ఎత్తి, "చూద్దాం తియ్" అని పెట్టేసింది. నా కాన్పు ఏ ఇంట్లో అవుతుందో, నొప్పులొస్తే ఎవరి చెయ్యి పట్టుకోవాలో నాకు తెలియదు. ఆ సంగతి మనుషులకు చెప్పుకోలేక చేపకు చెప్పుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున చూస్తే గప్పీ పొట్ట డబ్బాలాగా అయిపోయింది. తిండి ముట్టకుండా మూలకు నక్కింది. నాకు లేకపోతే పాయె, దీనికైనా తల్లిగారిల్లు ఉంది కదా అనిపించింది. తొట్టి నీళ్లతోనే దాన్ని టిఫిన్ బాక్సులోకి ఎక్కించి, కొంగు కప్పి, కూరగాయలకని చెప్పి నాంపల్లి బాట పట్టాను. నిండు పొట్ట, దాని మీద డబ్బా, బాతులాంటి నడక. ఒక ఆటో ఆయన ఆపి, "అక్కా, దవాఖానకా? ఎక్కు ఎక్కు!" అన్నాడు.

"నాకు గాదన్నా, దీనికి నొప్పులు," అని మూత తీసి చూపించాను.

ఆయన చేపను చూశాడు, నన్ను చూశాడు, ఆటో పోనిచ్చాడు.

దుకాణంలో భాయ్ వలతో చేపలు పడుతున్నాడు. "భాయ్, మీ పిల్లను తోల్కొచ్చిన. తొలికాన్పు గదా, వాళ్లమ్మ దగ్గర దించిపోత. మూడో నెల పడ్డంక వచ్చి తీస్కపోత," అన్నాను.

ఆయన వల పక్కన పెట్టాడు. "వాళ్లమ్మనా? ఏదమ్మా?" అని పెద్ద తొట్టి చూపించాడు. అందులో అన్నీ బూడిదరంగువే, గింజల్లాగా.

నేను తడబడకుండా ఒకదాన్ని చూపించాను. "గదే. ముక్కు జూడు, అచ్చం గిట్లనే ఉన్నది."

ఆయన నవ్వలేదు. (నవ్వితే బాగుండేది.) "బేటీ, గీడ దించితే పుట్టిన పిల్లల్ని అమ్మమ్మే మింగుతది. మేనత్తలు మింగుతరు. కన్నతల్లిది గూడ భరోసా లేదు."

"థూ! కన్నతల్లి తింటదా?"

"చేపలకు గట్లనే. పిల్లలకు దాక్కోను జాగ ఉండాలె, గంతే." గుప్పెడు నీటి నాచు, అడుగున సన్నటి చీలికలున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాడు. తల్లి పైన ఉంటే పిల్లలు సందులోంచి కిందికి జారి బతుకుతాయట. "జల్దీ పో. దీనికి గదే ఇల్లు, మీ తొట్టే."

దారి పొడవునా ఏడుస్తూనే వచ్చాను. చేప కోసమో నా కోసమో అడిగితే చెప్పలేను.

గుమ్మంలోనే అత్త టిఫిన్ మూత తీసింది. "గీ ఇంట్ల ఎవల్ని ఏం తెమ్మన్నా చేపలే తెస్తరానే?" అంది. ఇక దాచలేక అంతా కక్కేశాను, అన్న ఫోన్ ఎత్తని సంగతితో సహా. అత్త ఆ చీలికల డబ్బా తీసుకుని తనే తొట్టిలో అమర్చి, చేపను అందులో వదిలింది.

మధ్యాహ్నం మొదలైంది. తల్లి పొట్ట ఒకసారి వణికింది, ఆవగింజంత ఉండ ఒకటి రాలింది. చచ్చిందనుకున్నాను. అడుగు తాకకముందే అది విప్పుకుంది. రెండు కళ్లు, ఒక తోక, అంతే. ఈదుకుంటూ పోయి నాచులో దూరింది. బొడ్డు కోసినవాళ్లు లేరు, నీళ్లు పోసినవాళ్లు లేరు, ఈత నేర్పినవాళ్లు లేరు. ఆ వెనక ఇంకొకటి, ఇంకొకటి. పక్కకు చూస్తే మా అత్త గుళ్లో నిలబడ్డట్టు కొంగు తలమీదికి కప్పుకుని ఉంది. అంతలో తల్లి చేప నోరు తెరిచి చీలికల దగ్గర చక్కర్లు కొడితే మాత్రం భక్తి మరిచి అద్దం మీద చరిచింది. "సిగ్గులేదానే! నీ కడుపుల పుట్టినయే గవి!"

ఆ రోజు నుంచి అత్త మా అన్న పేరెత్తలేదు. కోపమో జాలో నాకు అర్థం కాలేదు, అడిగే ధైర్యమూ లేదు.

నొప్పులొచ్చిన రోజు సర్కారు దవాఖానలో నర్సమ్మ గట్టిగా పిలిచింది. "ఈ అమ్మాయి తల్లి తరఫున ఎవరున్నరమ్మా?"

నేను కళ్లు మూసుకున్నాను.

"నేనే," అంది మా అత్త.

"అత్త తరఫున?"

"గది గూడ నేనే. ఏంది, రెండుసార్లు రావాల్నా?"

ఆ చెయ్యి పట్టుకునే కన్నాను. గోళ్లు దిగి రక్తమొచ్చినా విడిపించుకోలేదు ఆమె.

ఇప్పుడు అత్త లేదు, మా ఆయనా లేడు. నాంపల్లి వైపు పోయినప్పుడు చేపను మోసుకుపోయిన ఆ వెర్రిపిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఆ పిల్లే ఇప్పుడు రోడ్డు మీద ఎదురైతే, నువ్వు చేసేది తప్పని మాత్రం చెప్పను. ఎండ బాగా ఉందే, ఆ బాక్సు జరసేపు నాకియ్యి, పట్టుకుంటా అంటాను.