మరుదాచలం పేరిట కొట్టుకున్న గుండె

కరిగిన ఇనుము రంగు చూసి వేడెంతో చెప్పగల మనిషి మరుదాచలం. కోయంబత్తూరులో పంపులు పోతపోసే ఆ కార్ఖానాలో ముప్పై ఏళ్ళుగా ఆయన "ఊఁ, పొయ్యండి" అంటేనే అచ్చులు నిండేవి. అలాంటివాడి మణికట్టుకు యాజమాన్యం ఓ నల్లపట్టీ తగిలించింది. అది అడుగులు లెక్కపెడుతుందట, గుండెను వింటుందట, ఆ సంగతులన్నీ ఫోన్లోంచి ఆరోగ్యగదికి చేరిపోతాయట!

"ఆరోగ్యమా నా బొంద! ఎవడు ముసలాడయ్యాడో పసిగట్టి గేటు బయటికి నెట్టడానికి" అన్నాడు మరుదాచలం.

తోటివాళ్ళకు మాత్రం అదో ఆటైపోయింది. ఊగే ఇసుక జల్లెడకు పట్టీలు కట్టేసి, తాము కూర్చుని టీ తాగుతూనే రోజుకు ఇరవై వేల అడుగులు నడిచేశారు. ఎక్కువ నడిచినవాళ్ళకని యాజమాన్యం పెట్టిన బహుమతి జల్లెడకు ఇవ్వాల్సిందిపోయి వీళ్ళకు కుక్కర్లు పంచిపెట్టారు.

మరుదాచలానికి అడుగులతో తీరే బాధ కాదు. నాలుగు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం. విరమణకింకా నాలుగేళ్ళుంది. గుండె సంగతి బయటపడితే కొలిమి దగ్గర నిలబడనివ్వరు. అందుకని తన పట్టీని పక్క అచ్చుల దగ్గర పనిచేసే కదిర్వేలుకు కట్టాడు. వాడికి ముప్పై అయిదేళ్ళు, కబడ్డీలో పట్టుకుంటే వదిలేవాడు కాదు. వాడి సొంత పట్టీ ఎలాగూ జల్లెడ మీద ఊగుతోంది.

"ఇక చూడన్నా, నీ గుండె గుర్రంలా పరిగెడుతుంది!"

"పరిగెత్తించకురా తంబీ, అనుమానమొస్తుంది. నడిపించు, చాలు."

పదో రోజు పొద్దున్నే ఆరోగ్యగది నర్సు సెల్వనాయకి రొప్పుకుంటూ వచ్చింది. "అయ్యా, పని ఆపండి! మూడు రోజులుగా మీ గుండె లయ తప్పుతోంది. ఇవాళ మరీ ఎక్కువైంది. బండి రప్పించాను, పదండి."

మరుదాచలం పక్క అచ్చుల వైపు తిరిగాడు. అటు చూస్తే కదిర్వేలు కరిగిన ఇనుముతో నిండిన పోతగరిటె ఎత్తబోతూ పళ్ళికిలిస్తున్నాడు. నిజం చెబితే మోసమూ, ఆయాసమూ రెండూ బయటపడతాయి. నాలుగేళ్ళ కూడు పోతుంది. చెప్పకపోతే?

"ఆ గుండె నాది కాదమ్మా, వాడిది! గరిటె దించరా వెధవా, దించు!"

"నాకేమైందన్నా? గుండ్రాయిలా ఉన్నాను" అని వాడు నవ్వుతుంటే రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళి బండెక్కించాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తెర మీద కదిర్వేలు గుండెను చూపించింది. మరుదాచలం నోరెళ్ళబెట్టాడు. పిడికెడు కండ, ముడుచుకుంటూ విచ్చుకుంటూ, వాడు తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి ఒక్క పూట సెలవు ఎరగదు! "ఒకపక్క గోడ పుట్టుకతోనే మందం. ఈ బరువులు ఇంకొన్నాళ్ళు మోసుంటే కొలిమి ముందే కూలేవాడు" అందావిడ.

పదేళ్ళు పక్కపక్కన నిలబడి ఒకే డబ్బాలో పెరుగన్నం తిన్నారు. ఇనుము కడుపులో ఏముందో చెప్పిన మరుదాచలానికి ఈ మనిషి గుండెలో ఏముందో తెలియలేదు. బొత్తామంత వస్తువు పైచర్మం మీద కూర్చుని వినేసింది. "మురుగా!" అని ఆయన రెండు చేతులూ జోడించాడు. తెరకో, గుండెకో, పట్టీకో, ఎవరికి దణ్ణం పెట్టాడో ఆయనకే తెలియదు.

సెల్వనాయకి పట్టీ విప్పి తెచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు. "ఇది మీ పేరున ఉందయ్యా. పది రోజులుగా మీ గుండె ఏమంటోందో మాకెవరికీ తెలియదు."

పని పోతుందన్న భయం ఎక్కడికీ పోలేదు. అయినా మరుదాచలం చొక్కా చెయ్యి పైకి మడిచి ముందుకు చాపాడు.

"కట్టమ్మా. నాదీ విందాం."