కళ్లకద్దుకున్న జర్మన్ పాఠం

ఫోన్‌లో సిగ్నల్ రెండు గీతలు కనబడితే చాలు, దేవుడు ఈ రోజుకు కరుణించాడని దండం పెట్టుకునే ఆ రోజుల్లో, నేను బత్తలపల్లెలో మా ఇంట్లో కూర్చుని జపాన్‌లోని విశ్వవిద్యాలయం పిల్లలకు జర్మన్ నేర్పేదాన్ని. (నవ్వకండి. మా అవ్వ మీ అందరి తరఫునా ఎప్పుడో నవ్వేసింది.) నేను బడి మెట్లెక్కినదాన్ని కాను. బెంగళూరు మిల్లులో జర్మనీ యంత్రాలు బాగుచేస్తూ నాయన నేర్చుకున్న భాషే, తెలుగుతో పాటు నాకు ఇంట్లో అబ్బింది. బడికి పంపక పిల్లను పాడుచేస్తున్నాడని నాయనను ఊరు ఊరంతా అన్నది. అందుకే, పట్టా అడగకుండా మాట్లాడటం నేర్పితే చాలన్న ఆ ఉద్యోగం నాకు ప్రాణం.

నేను ముందే పాఠాలు వీడియో తీసి పంపేదాన్ని. పిల్లలు వారమంతా వాటిని చూసి సాధన చేసేవారు. శనివారం పొద్దున అందరం తెర మీద కలిసి మాట్లాడుకోవాలి. రాసి పంపినవాటిలో ఒక్క తప్పుండేది కాదు; మాట్లాడమంటే మాత్రం పద్దెనిమిది మందీ చిరునవ్వుతో మౌనం వహించేవారు. నేనడిగిన ప్రశ్నకు నేనే జవాబు చెప్పి, నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.

గడప దగ్గర బియ్యం చెరుగుతున్న అవ్వ ఊరుకునేది కాదు. "ఏమ్మే, ఆ పిల్లోల్లకు నోరుండాదా లేదా? నువ్వొక్కదానివే అరుస్తాండావే!"

"గమ్మునుండవ్వా, వాళ్లు ఆలోచిస్తాండారు."

"రెండు నెల్లనుంచీనా?"

అంతలో వాళ్ల ప్రొఫెసర్ గారు మెయిల్ పంపారు. వచ్చే శనివారం తానూ క్లాసులో ఉంటాననీ, పిల్లలు అప్పటికీ సొంతంగా మాట్లాడకపోతే వేరే టీచరును చూసుకుంటామనీ ఎంతో మర్యాదగా రాశారు. ఆ మర్యాదకే నాకు జ్వరం వచ్చింది. "భయపడొద్దులేమ్మా, ఉద్యోగం పోతే నాతో ధర్మవరం వచ్చి మగ్గాలకు నూనె పోద్దువు," అని, ఇప్పుడు ధర్మవరంలో మరమగ్గాలు బాగుచేస్తున్న నాయన ధైర్యం చెప్పినాడు. (అది ధైర్యమేనట!)

శనివారం రానే వచ్చింది. తెర మీద ఒక మూల ప్రొఫెసర్ గారు, పెన్ను పట్టుకుని. ఎప్పుడూ మాటలతోనే మొదలుపెట్టేదాన్ని, ఆ రోజు భయంతో మొదటిసారి పుస్తకాన్ని ఆశ్రయించాను. "ఇరవయ్యో పేజీ తీయండి," అన్నాను. పద్దెనిమిది మందీ పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి, భక్తిగా కళ్లకద్దుకుని, పెదవులు కదిపి, అప్పుడు తెరిచారు.

అది అచ్చం నేను చేసే పనే. వీడియో మొదట్లో అక్కరలేని ముక్క కోసేయవచ్చని నాకప్పటికి తెలియదు. నేను పుస్తకం కళ్లకద్దుకోవడం, దేవుడిని తలచుకోవడం, అన్నీ అందులోనే ఉండిపోయాయి. శ్రద్ధగల ఆ పిల్లలు దాన్నీ పాఠమనుకుని వారం వారం సాధన చేశారు.

"ఎందుకలా చేశారు?" ప్రొఫెసర్ గారు జర్మన్‌లోనే అడిగారు.

దానికి జవాబు ఏ పేజీలోనూ లేదు. కళ్లజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి చెయ్యెత్తి గొంతు విప్పింది. "కళ్ల చలువకు. టీచరు గారి ఊళ్లో ఎండలెక్కువ."

"కాదు," అన్నాడొక అబ్బాయి, "పుస్తకానికి క్షమాపణ. మనం సరిగా చదవలేదు కదా."

"నువ్వు చదవలేదు. నేను చదివాను!" మరో అమ్మాయి కోపంగా అంది.

అంతే. క్రియలు ముందువెనకలయ్యాయి, లింగాలు తారుమారయ్యాయి, అయినా ఎవరూ ఆగలేదు. ప్రొఫెసర్ గారే పెన్ను పడేసి వాదనలో దిగారు. అవ్వ చాట వదిలేసి వచ్చింది. "ఇదేందే, కొట్లాడుకుంటాండారా?"

"లేదవ్వా, మాట్లాడుతాండారు!" నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చివరికి ఆయన నా వైపు తిరిగారు. "టీచరు గారూ, అసలు కారణమేమిటి?"

నాయన చేసేవాడు, నేనూ చేశాను. ఎందుకని ఏనాడూ అడగలేదు. "నాకు తెలియదండి," అన్నాను. టీచరు నోట ఆ మాట వినడం వాళ్లకదే మొదటిసారి కాబోలు, అందరూ ఫక్కున నవ్వారు. ఆ తరువాత వాళ్లు నా దగ్గర నోరు తెరవడానికి ఎన్నడూ జంకలేదు.

ఉద్యోగం నిలిచింది. అదంతా తన బోధన మహిమేనని బత్తలపల్లె అంతా చెప్పుకు తిరిగిన ఆనాటి నన్ను, ఆ పిల్లను, ఇప్పుడు తలచుకుంటే, కోప్పడాలనిపించదు. పాపం, ఎంత సంతోషపడిందో! ఆమెను భరించిన ఆ పద్దెనిమిది మందినీ దేవుడు చల్లగా చూడాలి.